మా తరం ఉద్యోగులు ఆఫీసులో నిజంగా ఏం కోరుకుంటారు?

నేను 1988లో పుట్టాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తల నెరిసింది. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకుందనే నమ్ముతున్నాను. సెలవు అడిగితే సంజాయిషీ అడగని మేనేజరు కావాలి. అంతే. మిగతావన్నీ తర్వాత.

2018లో నేను పనిచేసిన మాదాపూర్ ఆఫీసులో దేనికీ లోటు లేదు. బీన్ బ్యాగులు, శుక్రవారం పిజ్జాలు, ఫూస్‌బాల్ బల్ల. ఆ బల్లని సరిగ్గా మేనేజరు అద్దాల క్యాబిన్ ఎదురుగా వేశారు. ఇంకెవడాడతాడు? దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్లం.

ఆ ఏడాది భీమవరంలో నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్. మూడు రోజులు సెలవడిగాను. నా ఖాతాలో పద్దెనిమిది రోజులున్నాయి. మేనేజరు ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే, "శుక్లమే కదా, అరగంట పని. మీ తమ్ముడు లేడా?" అన్నాడు. ఉన్నాడు, దుబాయ్‌లో. చివరికి ఒక్క రోజిచ్చాడు, అదీ కాల్‌లో ఉండాలన్న షరతుతో. రాత్రి బస్సెక్కి వెళ్లి, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఒళ్లో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. అవతల ఎవరో స్క్రీన్ షేర్ చేశారు. "ఆఁ, కనిపిస్తోంది, కనిపిస్తోంది" అంటున్నాను. అప్పుడే నాన్నని బయటికి తీసుకొచ్చారు. కంటికి కట్టుతో నా గొంతు వినిపించిన వైపు తిరిగి, "నాకింకా ఏం కనపడట్లేదురా" అన్నాడు.

వారం తిరక్కుండా రాజీనామా పెట్టేశాను. నోటీసు పీరియడ్ మూడు నెలలు! వాళ్లు తీసేయాలనుకుంటే మాత్రం ఒక పూట చాలు. పైగా ఈ తరానికి నిలకడ లేదని మాట.

అన్నట్టు, 2017లో చట్టం మార్చి మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే సౌకర్యం, ఉండాలన్నారు. ఆ మాదాపూర్ ఆఫీసులో క్రెష్ అని బోర్డున్న గదిలో పాత మానిటర్లు పేర్చి ఉండేవి. మా టీమ్‌లో ఒకావిడ బిడ్డని వరంగల్‌లో అత్తగారి దగ్గర వదిలి, ప్రతి శుక్రవారం రాత్రి పరిగెత్తేది.

కొత్త చోట జీతం పెద్దగా పెరగలేదు. చేరిన రెండో నెలలోనే నాన్న రెండో కంటికి ఆపరేషన్ అని టీమ్ లీడ్‌కి భయపడుతూ మెసేజ్ పెట్టాను. "వెళ్లిరండి, వచ్చాక చూసుకుందాం" అని వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కాఫీ మిషను సగం రోజులు పనిచేయదు. కిందికెళ్లి బండి దగ్గర టీ తాగుతాం.