పాత కాగితం

చిన్నీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గొల్లుమంది. "అక్కా, అది కౌలాలంపూర్‌లో వారం వారం ఎవరెవరితోనో అడవిలో పడి పరిగెడుతోందట. ఆఖర్న బీరు కూడా ఉంటుందట. పేరు హాష్ అట" అని. నాకు నవ్వాగలేదు. ఆ ఊళ్ళో ఉన్న ఎనిమిదేళ్ళూ నేను చేసిందీ అదే. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం "వాకింగ్ క్లబ్" అని రాసేదాన్ని. ఈ మాట అమ్మకి చెప్పకు.

1938లో ఆ ఊళ్ళోనే ఇంగ్లీషు ఉద్యోగులు కొందరు మొదలుపెట్టిన ఆట ఇది. ఒకరు ముందుగా కాగితం ముక్కలు చల్లి దారి వేస్తారు, మిగతావాళ్ళు వాటిని వెతుక్కుంటూ వెంట పరిగెడతారు. వాళ్ళు భోంచేసే క్లబ్బులో తిండి చప్పగా ఉండేదని దానికి హాష్ హౌస్, అంటే నాసిరకం పూటకూళ్ళ ఇల్లు, అని ఎగతాళి పేరు పెట్టారు, అదే ఆటకీ అంటుకుంది. ఆ మొదటి గుంపు సోమవారాలు పరిగెత్తేది, మగవాళ్ళకే. అందుకని మీ పెదనాన్నా నేనూ ఆడామగా కలిసిన గుంపులో చేరాం. నువ్వూ అలాంటి దాంట్లోనే చేరావని విని, దాచుకోవడం ఎందుకు, గర్వంగానే అనిపించింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్త బూట్లతో వెళ్ళకు, వాటిలోనే బీరు పోసి తాగమంటారు. రబ్బరు తోటల వాళ్ళు వేసుకునే నల్ల రబ్బరు జోళ్ళుంటాయి, "కంపుంగ్ అడిడాస్" అంటారు. బురదలో వాటిని మించినవి లేవు. అవీ కొత్తవే కదా అంటావేమో, ముందు రెండు రోజులు ఎక్కడైనా మట్టిలో తిప్పు. బీరు వద్దంటే కూల్ డ్రింక్ ఇస్తారు, మొహమాటపడకు. జలగలు పడతాయి, పట్టనీ. పేము ముల్లు తగులుకుంటే ముందుకు లాగకు, ఒక అడుగు వెనక్కి వేసి విడిపించుకో. నీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, పైన కొండల మీద మబ్బు పడితే వాగులో దిగకు. పైనుంచి ఒక్కసారిగా వరద విరుచుకుపడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని కెపాలా ఆయెర్ అంటారు, నీటి తల. అది చెప్పి రాదు.

ఇక నా సంగతి. 1993. నాకది నాలుగో పరుగు. సుంగై బూలో వైపు రబ్బరు తోట, వెనక గుట్టలు. సాయంత్రం ఆరింటికి బయల్దేరాం. నేను పంజాబీ డ్రెస్సులో వెళ్ళాను, చున్నీతో సహా. నవ్వకు. మీ పెదనాన్న ఎప్పటిలాగే ముందు గుంపులో మాయమయ్యారు. నా చున్నీని పేము పట్టుకుంది. విడిపించుకుని చూసేసరికి ముందున్న ఇద్దరు ఆడవాళ్ళూ లేరు.

కాస్త దూరంలో కాగితం ముక్క కనిపించింది. తర్వాత ఇంకొకటి. వాటి వెంట పోయాను. తడిసి నేలకి అంటుకుపోయిన ముక్కలు అవి, ఎప్పటి పరుగువో. ఆ రోజు వేసినవి పొడిగా, తెల్లగా ఉండాలి కదా అని తట్టనే లేదు. కాసేపటికి అవీ ఆగిపోయాయి. వచ్చిన దారినే మళ్ళీ మంచి కాగితం దాకా వెనక్కి పోవాలి, అంతే. నేను పోలేదు. ఆఖరిదాన్నవుతానని సిగ్గు. అరిస్తే నవ్వుతారని ఇంకో సిగ్గు.

అక్కడ ఏడాది పొడవునా ఏడు, ఏడున్నర మధ్యే పొద్దు పోతుంది. చెట్ల కింద ఇంకా ముందే. దారి దొరికినవాళ్ళు వేసే "ఆన్ ఆన్" కేక ఒకసారి ఈ గుట్ట మీంచి వినిపించేది, ఒకసారి ఆ గుట్ట మీంచి. టార్చి లేదు. రబ్బరు చెట్లు వరసలు వరసలుగా ఉంటాయి, ఎటు చూసినా ఒకటే. పాలు పట్టే చిప్పలు చేతికి తగులుతుంటే ఒక చెట్టుకి ఆనుకుని కూర్చుండిపోయాను. పాములు గుర్తు రాలేదు. నేను లేనని ఎవరికైనా తెలుసా అన్నదొక్కటే భయం.

తెలియదు. నేను ఆడవాళ్ళతో ఉన్నానని మీ పెదనాన్న, నేను కారు దగ్గరికి తిరిగి వెళ్ళానని ఆడవాళ్ళు. పరుగు ముగించి అందరూ గుండ్రంగా నిలబడి పాటలు పాడుతున్నారు. పొడి చొక్కా కోసం కారు దగ్గరికి వెళ్తే గానీ ఆయనకి తెలియలేదు. టార్చిలతో వెతుక్కుంటూ వచ్చేసరికి తొమ్మిదయింది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఇంటి ముందు కారాపి, స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

అందుకే చెబుతున్నా, మొద్దూ. ఫోన్ ఉంది కదా అనకు, గుట్టల వెనక సిగ్నల్ ఉండదు. బయల్దేరే ముందు ఒకరికి, ఒక్కరికే, "నేను తిరిగి వచ్చానో లేదో చూడండి" అని చెప్పు. ఎంత తెలివితక్కువగా అనిపించినా చెప్పు. నువ్వు కూడా ఇంకొకరు తిరిగి వచ్చారో లేదో చూడు.

ఆ మర్నాడు మీ పెదనాన్న నాకో ఈల కొనిచ్చారు. ఆయన పోయాక దాన్ని డ్రాయర్లోంచి తీయలేదు. దసరాకి అటు వచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేత పంపిస్తాను. తాడు కొత్తది వేశాను.

నీకు ఏడున్నర అంటే నాకు సాయంత్రం ఐదు, టీ పెట్టుకునే వేళ. వచ్చేశానని ఒక్క మెసేజ్ పెట్టు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

పెద్దమ్మ