క్రెడిట్లు తీసుకుంటే ఏడాది మిగులుతుంది, మరి వర్క్ పర్మిట్ మాటేమిటి?

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అబ్బాయి ఇక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. కెనడాలో ఒక ప్రభుత్వ కాలేజీలో రెండేళ్ల కంప్యూటర్ డిప్లొమాకు సీటొచ్చింది. ఏడాదికి ఫీజు 11 లక్షలు, ఉండడానికీ తినడానికీ ఇంకో 9 లక్షలు. వాడి డిగ్రీ చూసి ఒక ఏడాది క్రెడిట్లు ఇస్తారట, నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చట. ‘20 లక్షలు మిగిలినట్టే, వెంటనే ఒప్పుకోండి’ అని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. మా చేతిలో 8 లక్షలున్నాయి. ఇల్లు తాకట్టు పెడితే 10.5 శాతం వడ్డీకి బ్యాంకు లోన్ ఇస్తుంది. ఖర్చులు పోను నెలకు 20 వేలు మిగులుతాయి. సుంకేసుల దగ్గర కేసీ కెనాల్ కింద రెండెకరాలుంది. లోన్ టెన్షన్ లేకుండా అది అమ్మేద్దామా అని కూడా ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, 20 లక్షలు మిగులుతాయన్న మాట నిజమే. కానీ ఆ ఏడాదితో పాటు ఇంకేం పోతుందో మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. ముందు అది చూద్దాం.

కెనడాలో చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్‌ను పీజీడబ్ల్యూపీ అంటారు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. కోర్సు రెండేళ్లు లేదా అంతకు మించి ఉంటే మూడేళ్ల పర్మిట్ వస్తుంది. ఎనిమిది నెలలకు పైబడి రెండేళ్ల లోపు ఉంటే కోర్సు ఎన్నాళ్లో పర్మిట్ కూడా దాదాపు అన్నాళ్లే. మాస్టర్స్ డిగ్రీకి 2024 ఫిబ్రవరి నుంచి వేరే వెసులుబాటు ఉంది, అది డిప్లొమాకు వర్తించదు. ఇక్కడ చదివిన చదువుకు క్రెడిట్లు తీసుకుంటే పర్మిట్ లెక్కకు వచ్చేది కెనడాలో చదివిన కాలమే. కర్నూలులో చదివిన ఏడాది అందులో కలవదు. అంటే మీవాడు నేరుగా రెండో ఏడాదిలో చేరితే మూడేళ్ల పర్మిట్ బదులు ఎనిమిది నెలల నుంచి ఏడాది మధ్యలో ఏదో ఒకటి చేతికొస్తుంది. ఇంకో రెండు సబ్జెక్టులు కూడా మినహాయించి, చదువు ఎనిమిది నెలల లోపుకు తగ్గితే పర్మిటే రాదు.

ఇప్పుడు డబ్బు లెక్క. క్రెడిట్లు తీసుకుంటే ఖర్చు 20 లక్షలు, మీ 8 లక్షలు పోను లోన్ 12 లక్షలు. పదేళ్లకు ఈఎంఐ సుమారు 16,200. పిల్లవాడు రూపాయి పంపకపోయినా షాపు మీద కట్టుకోగలరు. క్రెడిట్లు వద్దనుకుంటే లోన్ 32 లక్షలు, ఈఎంఐ సుమారు 43,200. అది షాపు మీద కట్టగలిగేది కాదు.

ఇక సంపాదన. ఉద్యోగం దొరికాక తన ఖర్చులు పోను నెలకు 80 వేలు పంపగలడనుకుందాం. ఏడాది పర్మిట్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికే నాలుగు నెలలు పోతే మిగిలేది ఎనిమిది నెలలు. అంతా లోన్‌కే కట్టినా ఇంకా 6 లక్షల పైచిలుకు బాకీ ఉంటుంది, పిల్లవాడు తిరిగొస్తాడు. మూడేళ్ల పర్మిట్‌లో ఆరు నెలలు వెతుకులాటకు తీసేసినా 30 నెలల జీతం వస్తుంది. అప్పటివరకు వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే, ఆ 30 నెలల తర్వాత 32 లక్షల్లో మిగిలేది 14 లక్షలు చిల్లర. దాన్ని పదేళ్లకు మార్చుకుంటే నెలకు 19 వేల చిల్లర, అంటే మీ షాపు మోయగలిగినంత. కాగితం మీద బాకీ 8 లక్షలు ఎక్కువే. కానీ మీవాడి చేతిలో ఎనిమిది నెలల బదులు రెండున్నరేళ్ల అనుభవం ఉంటుంది.

ఆ అనుభవానికి నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణముంది. అక్కడ పని చేసి శాశ్వత నివాసానికి (పీఆర్) దరఖాస్తు చేయాలంటే, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే పథకం కింద కనీసం ఏడాది నైపుణ్యమున్న ఉద్యోగం, అంటే 1,560 గంటలు చూపించాలి. పర్మిట్ వచ్చిన రోజే ఉద్యోగం దొరికితే తప్ప ఏడాది పర్మిట్‌తో అది కుదరదు. మూడేళ్ల పర్మిట్ ఉన్నా పీఆర్ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనీసం అడిగే అర్హతైనా ఉంటుంది.

కాబట్టి అక్కడ పని చేయాలనే ఉద్దేశంతోనే వెళ్తుంటే ఏడాది క్రెడిట్లు తీసుకోవద్దు. చదువుకుని వెంటనే వచ్చేసి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చూసుకుంటాడంటే మాత్రం తీసుకోండి, 20 లక్షలు నిజంగానే మిగులుతాయి. ఈ ఒక్క సంగతి అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ‘ముందు వెళ్లనీ, తర్వాత చూద్దాం’ అంటే ఇంకో ఆరు నెలలు ఆగడమే మేలు. ఇల్లు తాకట్టు పెట్టే విషయంలో ఆ మాట చాలదు.

ఒకటి రెండు సబ్జెక్టుల క్రెడిట్లయితే పర్వాలేదు కదా అనిపిస్తుంది. జాగ్రత్త. కోర్సు కాలం తగ్గకపోయినా ఆ సెమిస్టర్‌లో సబ్జెక్టులు తగ్గి పిల్లవాడు పార్ట్‌టైమ్ విద్యార్థి అయిపోవచ్చు. చివరి సెమిస్టర్‌లో తప్ప ప్రతి సెమిస్టర్‌లోనూ ఫుల్‌టైమ్ ఉండాలన్నది పర్మిట్ షరతు. మినహాయించిన సబ్జెక్టు స్థానంలో ఇంకోటి తీసుకుని ఫుల్‌టైమ్ నిలబెట్టుకోవాలి.

త్వరగా పూర్తి చేయడానికి నష్టం లేని దారి ఒకటుంది. కాలేజీ ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో కూడా ఒక సెమిస్టర్ చదివి, నాలుగు సెమిస్టర్లనూ వరుసగా ముగించడం. అలా ముందుగా పూర్తి చేసినా దాన్ని రెండేళ్ల కోర్సుగానే చూస్తారు. ఫీజు తగ్గదు, నాలుగు నెలల తిండి, అద్దె మిగులుతాయి. మీ లెక్కలో 3 లక్షలు. అయితే సెలవుల్లో గంటల పరిమితి లేకుండా పని చేసుకునే అవకాశం పోతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమనండి.

పొలం సంగతి. అమ్మొద్దన్నా. కేసీ కెనాల్ కింద మాగాణి పోతే మళ్లీ కొనలేరు. నా ఉద్దేశంలో ఆ రెండెకరాలు మీ ఇంటికి కాపలా. ఒకవేళ పిల్లవాడికి అసలు ఉద్యోగమే రాలేదనుకోండి, 43 వేల ఈఎంఐలో మీకు నెలకు 23 వేలు తక్కువ పడతాయి. అప్పుడు ఇల్లు పోకుండా ఎకరా అమ్మి లోన్ తగ్గించుకోవచ్చు. ఇంకో మాట, పొలం అమ్మిన డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై టీసీఎస్ అని బ్యాంకు ముందే పన్ను పట్టుకుంటుంది, రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవాలి. బ్యాంకు విద్యారుణం డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి ఆ బాధ లేదు. పాత పన్ను విధానంలో ఉంటే లోన్ వడ్డీపై ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు కూడా దొరుకుతుంది.

చదువుకునే రోజుల్లో వడ్డీ పేరుకోనివ్వకండి. మొదటి ఏడాది 12 లక్షల మీద నెలకు 10,500, అది మీరు కట్టేయగలరు. రెండో ఏడాది మొత్తం 32 లక్షలూ తీసుకున్నాక 28 వేలవుతుంది. మీ 20 వేలకు తోడు మిగతా 8 వేలు పిల్లవాడు సర్దాలి. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 24 గంటలు బయట పని చేసుకోవచ్చు. మొదటి ఏడాది మీకు నెలనెలా మిగిలే 9,500 షాపులోకి మళ్లించకుండా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఉద్యోగం వెతుక్కునే ఆరు నెలల వడ్డీకి అది పనికొస్తుంది.

ఫీజు కట్టకముందే కాలేజీకి మెయిల్ పెట్టించి మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏ క్రెడిట్లూ వాడకుండా మొదటి సెమిస్టర్‌లోనే చేరుతున్నాడనీ, కోర్సు నిడివి రెండేళ్లనీ, ఆ కోర్సు ఏ రంగానిదో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసిన డిప్లొమా విద్యార్థులకు, కోర్సు ప్రభుత్వం గుర్తించిన రంగాల్లో ఉంటేనే వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. ఆ ఆరు అంకెల కోడ్ కెనడా ఇమిగ్రేషన్ శాఖ జాబితాలో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ప్రభుత్వ కాలేజీ పేరు మీద ప్రైవేటు క్యాంపస్‌లో పాఠాలు చెప్పే కోర్సయితే అసలు చేరొద్దు, 2024 మే 15 తర్వాత చేరినవారికి అలాంటి కోర్సుల మీద ఈ పర్మిట్ లేదు.

పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి, పర్మిట్ దానికి మించి ఇవ్వరు. పర్మిట్‌కు మళ్లీ ఇంగ్లిష్ పరీక్ష కావాలి. డిప్లొమాకు సీఎల్‌బీ 5, అంటే కెనడా భాషా కొలమానంలో ఐదో స్థాయి చాలు. సీటు కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ దీనికి చెల్లదు, జనరల్ ట్రైనింగ్ రాయాలి, ఫలితం వచ్చి రెండేళ్లు దాటకూడదు. చివరి సెమిస్టర్‌లో రాసేలా ఆ పరీక్ష ఫీజు ఇప్పుడే ఖర్చుల్లో కలుపుకోండి.