అందరూ ఔనన్నప్పుడు నేను కాదనవచ్చా?

‘సమావేశంలో అందరూ ఒప్పుకున్నదానికి నేను అభ్యంతరం చెబితే, నలుగురితో కలవని మనిషినంటారేమో. నా ఆలోచన నాలోనే ఉంచుకోవాలా?’ అని అడిగారు. ఉంచుకోవద్దు. చాలాకాలం అలా ఉంచుకుని నష్టం చూసిన మనిషిగా చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం గోదాము లెక్కలను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చే పని మా బృందానికి వచ్చింది. ఒక్క రాత్రిలో పూర్తి చేద్దామన్నారు మా పైఅధికారి. ఆ రికార్డులు రోజూ చూసేది నేనే. ఒకే సరుకు రెండు మూడు పేర్లతో నమోదై ఉందని నాకు తెలుసు. అయినా వరుసగా అందరూ తల ఊపుతూ ఉంటే, నా వంతు వచ్చేసరికి నేనూ ఊపాను. మర్నాడు నిల్వలు ఎక్కడా సరిపోలేదు. సరిచేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ శ్రమకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇద్దరు సహోద్యోగుల మాట: ‘మాకూ అనుమానం వచ్చింది. మీరే ఏమీ అనకపోయేసరికి ఊరుకున్నాం.’ నా మౌనం వాళ్లకు అంగీకారంలా కనిపించింది, వాళ్ల మౌనం నాకు.

1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల గురించి తరువాత చదివాను. మూడు గీతల్లో ఏది నమూనా గీతతో సమానమో చెప్పాలి, అంతే. గుంపులో ఆష్ ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు కావాలని తప్పు చెబుతుంటే, అసలు పరీక్షకు వచ్చినవారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తలొగ్గారు. కానీ గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పినా, లేదా జవాబును నోటితో చెప్పకుండా కాగితం మీద రాయమన్నా, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

ఆ కాగితాన్నే నేను పట్టుకున్నాను. ఏ సమావేశానికైనా వెళ్లే ముందు నా అభిప్రాయాన్ని రెండు వాక్యాల్లో, కారణంతో సహా రాసుకుంటాను. ఇతరుల మాటలు విన్నాక మనసు మారితే మంచిదే, కానీ ఎందుకు మారిందో నాకు తెలియాలి. ‘ఇది కుదరదు’ అనడం మానేసి, ‘ఈ నలభై సరుకులకు రెండేసి పేర్లున్నాయి, వీటినేం చేద్దాం?’ అని అడుగుతాను. పెద్ద అభ్యంతరమైతే పైఅధికారికి ముందుగా విడిగా చెబుతాను. చాలాసార్లు నా మాట నెగ్గలేదు. నిర్ణయం అయిపోయాక ఆ పనిని మనస్ఫూర్తిగానే చేశాను. ప్రతిదానికీ ఎదురు చెప్పేవారిని నేను స్వతంత్రులనుకోను. ఎదుటివారు ఏమంటే దానికి వ్యతిరేకం అనడానికి సొంత ఆలోచన అక్కరలేదు.

మొదటి గొంతు కావడం కష్టమనిపిస్తే రెండో గొంతు అవ్వండి. ఇటీవల మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక గడువు సరిపోదంది. గది నిశ్శబ్దమైపోయింది. ‘నాకూ అదే సందేహం’ అన్నాను. వెంటనే మరో ఇద్దరు తమ లెక్కలు బయటికి తీశారు.