పంపు ఆన్ కాగానే ఈఎస్‌పీ32 రీసెట్ అవుతున్న సమస్యకు సమాధానం

నమస్కారం. మొక్కలకు నీరు పెట్టే మీ ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్), పంపు ఆన్ అయిన ప్రతిసారీ రీసెట్ అవుతోందనీ, బోర్డు పంపే సందేశాలను కంప్యూటరులో చూపే సీరియల్ మానిటర్‌లో బ్రౌనౌట్ (వోల్టేజీ మరీ తగ్గిపోయిందనే) సందేశం కనిపిస్తోందనీ రాశారు. లోపం మీ ప్రోగ్రాములో లేదు, విద్యుత్ సరఫరాలో ఉంది. ఆగి ఉన్న డీసీ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో, మామూలుగా నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది; అదే సమయంలో వైఫై ప్రసారం కూడా జరిగితే, సన్నని యూఎస్‌బీ కేబుల్ మీదుగా వచ్చే 5 వోల్టులు పడిపోయి, బోర్డు తనను తాను కాపాడుకోవడానికి రీసెట్ అవుతుంది.

కనుక పంపుకు వేరే 5 వోల్టుల అడాప్టరు పెట్టండి. పంపును మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టరుతో) నడుపుతున్నారు కాబట్టి రెండు సరఫరాల గ్రౌండ్లను (నెగటివ్ తీగలను) తప్పక కలపాలి. పంపు రెండు తీగల మధ్య 1ఎన్4007 డయోడును, దాని గీత ఉన్న కొన పాజిటివ్ వైపు ఉండేలా, అతికించండి; పంపు ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీని అది అణచివేస్తుంది. బ్రౌనౌట్ రక్షణను కోడ్‌లో ఆపివేయమనే సలహాను మాత్రం దయచేసి పాటించవద్దు, అది లోపాన్ని దాచుతుందే తప్ప సరిచేయదు.

సెన్సరు వోల్టేజీని అంకెగా మార్చే పిన్నులు బోర్డులో ఏడీసీ1, ఏడీసీ2 అని రెండు గుంపులు; వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నులు రీడింగ్ ఇవ్వవు కాబట్టి, తేమ సెన్సరును ఏడీసీ1కు చెందిన 32 నుంచి 35 వరకు ఉన్న పిన్నుల్లో ఒకదానికి మార్చండి. మీ ఊరి మేకర్ బృందానికి ఇవ్వబోయే సర్క్యూట్ బొమ్మలో అడాప్టరు సామర్థ్యాన్నీ, గ్రౌండ్లు కలిసే చోటునూ స్పష్టంగా గీయండి. చూసి కట్టుకునే విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే.