కాలి ఏ భాగంతో తన్నాలి?

తల్లీ,

ఫ్రంట్ కిక్ కొట్టినప్పుడల్లా బొటనవేలు నొప్పెడుతోందని, ఇకమీదట మడమతోనే కొట్టనా అని అడిగావు. కొట్టొచ్చు, తప్పేం లేదు. కానీ వేళ్లు వెనక్కి వంచడం రాలేదని మడమకు మారకు, ముందు అది నేర్చుకో.

కరాటేలో మాయెగెరికి, అంటే ఈ ఫ్రంట్ కిక్‌కే, ఎక్కువగా వాడేది చూసోకు, అంటే వేళ్ల మొదళ్ల కింద అరికాలిలో ఉండే దిట్టమైన భాగం. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి నిలబడు. వేళ్లు నేల మీద పరుచుకుని, బరువంతా వాటి మొదళ్ల మీద పడుతుంది కదా, తన్నేటప్పుడు పాదం అచ్చంగా అలాగే ఉండాలి. చిక్కంతా ఎక్కడంటే, వేళ్లు వెనక్కి లాగగానే చీలమండ కూడా మడుచుకుంటుంది. చీలమండ చాచి, వేళ్లు మాత్రమే వెనక్కి తేవాలి. కూర్చుని కాళ్లు చాపి రోజూ కాసేపు చెయ్యి. మొదట్లో పిక్క పట్టేస్తుంది, కంగారుపడకు. ఇది కుదిరేదాకా గట్టి బ్యాగ్ వద్దు, మెత్తటి ప్యాడ్ చాలు.

సైడ్ కిక్, బ్యాక్ కిక్‌లకు మాత్రం మడమే రాజు. పాదంలో అన్నిటికన్నా పెద్ద ఎముక అక్కడే ఉంది, కాలి బలం నేరుగా దాని మీదికే వస్తుంది. కొందరు సైడ్ కిక్‌ని పాదం బయటి అంచుతో నేర్పుతారు. అలాగైనా మడమ దగ్గరి అంచు తగలాలి, చిటికెనవేలి వైపు కాదు.

అసలు జాగ్రత్త కావాల్సింది పక్క నుంచి కాలు తిప్పి కొట్టే రౌండ్ కిక్‌లో. మీగాలితో కొడితే దూరం అందుతుంది, చటుక్కున తగులుతుంది. టైక్వాండో పోటీల్లో దాన్ని అంతగా వాడేది అందుకే. కానీ మీగాలి ఎముకలు సన్నవి, పైన కండ ఉండదు. నువ్వు పక్కటెముకలకు గురిపెట్టినప్పుడు ఎదుటివాళ్లు మోచేయి కిందికి దించారనుకో, దెబ్బ నీకే. థాయ్‌లాండ్ వాళ్ల ముయే థాయ్‌లో షిన్‌తో, అంటే మోకాలి కింద ముందెముకతో కొడతారు. అది గట్టిది, కాకపోతే ఒక అడుగు దగ్గరికి వెళ్లాలి. కాబట్టి దూరం చూసుకో. దగ్గరుంటే షిన్. దూరంగా ఉండి, మోచేయి అడ్డం లేకపోతేనే మీగాలు, అదీ చీలమండ చాచి బిగించి. షిన్ గట్టిపడాలని సీసాలతో, కర్రలతో కొట్టుకునే పిచ్చి పనులు మాత్రం చెయ్యకు. బ్యాగ్ మీద నెమ్మదిగా పెంచుకుంటూ పోతే అదే అలవాటవుతుంది.

బూట్లతో సాధన చేస్తే లెక్క మారుతుంది. ఫ్రాన్స్ వాళ్ల సవాత్‌లో బూటుతోనే తన్నుతారు, మొనతో సహా. నువ్వు ఉత్త కాళ్లతో కదా, దాన్ని చూసి వేళ్లతో పొడవకు.

బొటనవేలి నొప్పి తగ్గేదాకా ఆ కాలితో ఫ్రంట్ కిక్ ఆపెయ్. వాపు ఉన్నా, కాలు మోపలేకపోయినా సార్‌కి చెప్పి ఎక్స్‌రే తీయించుకో.

మీ పెదనాన్న