టెక్ సందేహాలు: సిమ్యులేటర్ చాలా, ఎమ్యులేటర్ కావాలా?

ప్రశ్న: మేము నల్లగొండలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాం. బత్తాయి రైతులు తోట వివరాలు, కోత తేదీలు నమోదు చేసుకునే యాప్ తయారు చేస్తున్నాం. ఐఫోన్‌కు సిమ్యులేటర్, ఆండ్రాయిడ్‌కు ఎమ్యులేటర్ ఉంటాయంటున్నారు. రెండింటికీ తేడా ఏమిటి? నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. ఫోన్లు లేకుండా వీటితోనే పరీక్షలు ముగించవచ్చా?

జవాబు: పైకి రెండూ కంప్యూటర్ తెర మీద ఫోన్ బొమ్మనే చూపిస్తాయి కానీ, లోపల జరిగే పని వేరు. సిమ్యులేటర్ ఫోన్ ప్రవర్తనను మాత్రమే అనుకరిస్తుంది. ఆపిల్ ఇచ్చే యాప్ తయారీ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఐఫోన్ సిమ్యులేటర్ కోసం మీ యాప్‌ను విడిగా కంపైల్ చేస్తారు, అంటే కోడ్‌ను నడిచే ఫైలుగా మారుస్తారు. అది మ్యాక్ ప్రాసెసర్‌ను, మ్యాక్ మెమరీని వాడుకుంటూ నడుస్తుంది. అంటే మీరు పరీక్షించిన ఫైలూ, చివరికి ఐఫోన్‌లోకి వెళ్లే ఫైలూ ఒకటి కావు. ఎమ్యులేటర్ అలా కాదు. పరికరం హార్డ్‌వేర్‌నే సాఫ్ట్‌వేర్‌తో నిర్మించి, దాని మీద అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపిస్తుంది కాబట్టి, ఫోన్‌లో వేసే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలునే అందులోనూ వేయవచ్చు.

ఈ తేడా స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. పామ్ చేతి కంప్యూటర్ల రోజుల్లో పామ్ ఓఎస్ ఎమ్యులేటర్ మోటరోలా 68కె తరహా ప్రాసెసర్‌ను అనుకరించేది. అది నడవడానికి అసలు పరికరపు రోమ్ ఇమేజ్ (అందులోని సాఫ్ట్‌వేర్ నకలు) కావలసి వచ్చేది. 2002లో వచ్చిన పామ్ ఓఎస్ 5 ఏఆర్ఎమ్ (నేటి ఫోన్లలో ఎక్కువగా ఉండే రకం) ప్రాసెసర్లకు మారినప్పుడు, ఆ కొత్త ప్రాసెసర్‌ను అనుకరించకుండా, విండోస్ మీద నేరుగా నడిచే సిమ్యులేటర్‌ను డెవలపర్లకు ఇచ్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మొదట్లో ఏఆర్ఎమ్ ప్రాసెసర్‌ను పూర్తిగా అనుకరించేది, అందుకే తెర తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చని హాస్యమాడేవారు. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉంటే, దానికి తగిన ఆండ్రాయిడ్ ఇమేజ్ (సిస్టమ్ నకలు) వర్చువలైజేషన్ (ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌నే పంచుకునే పద్ధతి) సాయంతో నేరుగా నడుస్తుంది. పేరు ఎమ్యులేటరే అయినా ప్రాసెసర్‌ను అనుకరించే పని దాదాపు లేదు. అందువల్ల అందులో కనిపించే వేగం మీ ల్యాప్‌టాప్ వేగమే తప్ప, రైతు చేతిలోని చవక ఫోన్ వేగం కాదు. మీ యాప్‌లో ఏఆర్ఎమ్ కోసమే తయారైన నేటివ్ లైబ్రరీలు (ప్రాసెసర్ భాషలోకి ముందే మార్చిన కోడ్) ఉంటే, ఆండ్రాయిడ్ 11కు ముందటి ఇమేజ్‌లలో యాప్ ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ 11తోనే ఏఆర్ఎమ్ సూచనలను ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు అనువదించే ఏర్పాటు వచ్చింది.

8 జీబీతో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ రెండూ నడపడం ఇరుకే. ఇంట్లో వాడకుండా పడి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి చూడండి; సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేసి కేబుల్‌తో కలపండి. రోజువారీ పరీక్షలు దాని మీదే చేసి, మీ దగ్గర లేని తెర కొలతలను, ఆండ్రాయిడ్ వెర్షన్లను చూడటానికి మాత్రం ఎమ్యులేటర్‌ను తెరవండి. అక్షరాల పరిమాణాన్ని బాగా పెంచి ‘అచ్చంపేట’, ‘మర్రిగూడ’ వంటి పేర్లను చూడటం మరవకండి. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుస ఎత్తులో తెలుగు ఒత్తులు కింద తెగిపోతుంటాయి.

ఐఫోన్ వెర్షన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టమనే చెబుతాను. దాని సిమ్యులేటర్‌కు మ్యాక్ తప్పనిసరి. అందులో కెమెరా పనిచేయదు. పైగా మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను పట్టించుకోదు, ఐఫోన్ పట్టించుకుంటుంది. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడాతో సిమ్యులేటర్‌లో కనిపించిన బొమ్మ ఫోన్‌లో మాయమవుతుంది. ప్రాజెక్టు రివ్యూలో చూపించుకోవాలన్న ఆరాటం తప్ప, మీ రైతులకు దాని అవసరం ఎంతో ముందు విచారించండి.

ప్రశ్న: ఎమ్యులేటర్‌లో చక్కగా పనిచేసిన మా సర్వే యాప్, అచ్చంపేట దాటి మన్ననూరు వైపు నల్లమలలోకి వెళ్లగానే వివరాలు పంపలేక ఆగిపోతోంది. ఎమ్యులేటర్‌లో ఇది ముందే ఎందుకు బయటపడలేదు?

జవాబు: మీరు ఎమ్యులేటర్‌ను ల్యాప్‌టాప్ నెట్‌తోనే నడిపి ఉంటారు. దాని అదనపు నియంత్రణల్లో సెల్యులార్ విభాగం ఉంటుంది. నెట్‌వర్క్‌ను ఎడ్జ్ (పాత 2జీ) స్థాయికి తగ్గించి, సిగ్నల్‌ను బలహీనం చేసి, మధ్యలో డేటాను తెంపి చూడండి. ఫ్లైట్ మోడ్‌తో చేసే పరీక్ష సరిపోదు. నెట్ పూర్తిగా లేకపోతే యాప్‌కు వెంటనే తెలుస్తుంది; అడవి అంచున సిగ్నల్ గీత కనిపిస్తూనే డేటా కదలనప్పుడు మాత్రం అది జవాబు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది. ప్రతి వివరాన్నీ ముందు ఫోన్‌లోనే భద్రపరచి, నెట్ అందినప్పుడు పంపేలా మార్చండి. జీపీఎక్స్ ఫైలు (దారి వివరాలుండే ఫైలు) ఇస్తే ఆ దారి వెంట ప్రయాణిస్తున్నట్టుగా లొకేషన్‌ను కూడా ఎమ్యులేటర్ మార్చుతుంది.

అది చూపలేనిది ఒకటుంది. ఎమ్యులేటర్‌లో ఉండేది కంపెనీల మార్పులు లేని ఆండ్రాయిడ్. బ్యాటరీ పొదుపు పేరుతో వెనుక నడిచే యాప్‌లను ఆపివేసే ఫోన్లు మీ సర్వేయర్ల చేతుల్లో ఉంటే, ఆలస్యంగా పంపే పని కూడా ఆగిపోవచ్చు. ఏయే మోడళ్లు వాడుతున్నారో అడిగి, వాటిలో రెండింటినైనా తెప్పించి చూడండి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర పాల సేకరణ కేంద్రాలకు ఆండ్రాయిడ్ బిల్లింగ్ మెషీన్ మీద యాప్ రాస్తున్నాను. ఎమ్యులేటర్‌లో ప్రింట్ నొక్కగానే యాప్ మూసుకుపోతోంది.

జవాబు: ఆ మెషీన్‌లోని ప్రింటర్ సర్వీస్ దాని తయారీదారు పెట్టినది, ఎమ్యులేటర్‌లో అది ఉండదు. ప్రింట్ పనిని వేరే ఇంటర్‌ఫేస్ (కోడ్‌లో మధ్య పొర) వెనుకకు జరిపి, ఎమ్యులేటర్‌లో నడిచేటప్పుడు చీటీని తెర మీద బొమ్మగా చూపండి. అప్పుడు మీ ప్రింటర్‌కు మీరే చిన్న సిమ్యులేటర్ రాసుకున్నట్టు. 58 మిల్లీమీటర్ల రోల్ ప్రింటర్లలో సాధారణంగా వరుసకు 384 చుక్కలు పడతాయి, కాబట్టి బొమ్మ వెడల్పూ అంతే ఉంచండి. ఈ ప్రింటర్ల సొంత ఫాంట్లలో తెలుగు ఉండటం అరుదు. రైతు పేరును బొమ్మగా మార్చి పంపడమే నమ్మకమైన మార్గం. రోల్ అయిపోవడం, మూత తెరిచి ఉండటం, చార్జింగ్ తగ్గినప్పుడు అచ్చు పలచబడటం మాత్రం అసలు మెషీన్ మీదే, పాలు పోసేవారి వరుస ఉన్న వేళలోనే పరీక్షించాలి.