ఆంధ్రాలో ఒకేరోజు రెండు ఓట్లు, తెలంగాణలో వేర్వేరుగా ఎందుకు?

సింపుల్ అండి, లోక్‌సభకీ అసెంబ్లీకీ ఐదేళ్ల గడువు దేనికదే నడుస్తుంది, ఒకదాంతో ఇంకోదానికి లింకు లేదు. 2014లో రెండు చోట్లా కలిపే జరిగాయి, కానీ 2018 సెప్టెంబర్‌లో కేసీఆర్ గారు తెలంగాణ అసెంబ్లీని ముందే రద్దు చేయించారు, డిసెంబర్‌లో ఎన్నికలొచ్చాయి, అప్పట్నుంచి అక్కడి క్యాలెండర్ విడిపోయింది. ఏపీలో ఎవరూ కదపలేదు కాబట్టి 2024 మే 13న బూత్‌లో రెండు మెషిన్లు కనపడ్డాయి, ఎంపీకి తెల్ల బ్యాలెట్, ఎమ్మెల్యేకి గులాబీది. మా బామ్మ ఒకటి నొక్కేసి అయిపోయిందనుకుని వచ్చేయబోతే ఆఫీసరు వెనక్కి పిలిచారు.

ఇలా ఎన్నికల తేదీలు వేరుపడితే ఏమవుతుందంటే, జనం రెండిటికీ వేర్వేరుగా ఆలోచించే ఛాన్స్ ఎక్కువ. 2023 చివర్లో అసెంబ్లీకి బీఆర్ఎస్‌కి 39 సీట్లొచ్చాయి, ఆర్నెల్లు తిరక్కుండానే లోక్‌సభలో సున్నా, బీజేపీ ఏమో 8 ఎమ్మెల్యేల నుంచి 8 ఎంపీలకి వెళ్లింది, అదీ మొత్తం 17లో! ఒక ఎంపీ సీటంటే ఏడు అసెంబ్లీ సీట్లు, అది గుర్తుంచుకుని చూడండి.

అలాగని ప్రాంతీయ పార్టీకి ఢిల్లీలో పనేంటి అనుకోకండి. 2024లో బీజేపీ 240 దగ్గరే ఆగిపోయింది, మెజారిటీకి 272 కావాలి, దాంతో టీడీపీ 16 మంది ఎంపీలకి ఎక్కడలేని విలువొచ్చింది.

సర్పంచ్ ఎన్నికలు మాత్రం వేరే కథ, అవి రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకుంటుంది, పార్టీ గుర్తులు కూడా ఉండవు (పేరుకే లెండి, ఎవరు ఏ పార్టీ అనేది ఊరందరికీ తెలుసు).